ప్రపంచ సమాచారం, మానవ హక్కులు, మీడియా బలం: ఆదివారం క్లాసులో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారి ధర్మసందేహాలు విన్న తరం నాది. నాకు ఆ గొంతూ లేదు, ఆ పాండిత్యమూ లేదు. సందేహాలు మాత్రం అలాగే వస్తున్నాయి. ఇరవై రెండేళ్లు ఇక్కడే ఒక పేపర్ డెస్కులో పనిచేసి బయటికొచ్చాక, బందరు రోడ్డు పక్కన ఒక చదువుల గదిలో ఆదివారాలు క్లాసు చెబుతున్నాను. జర్నలిజం పీజీ పిల్లలు, గ్రూప్స్ రాసేవాళ్లు, ఇద్దరు ముగ్గురు మండల విలేకరులు, ఒక రిటైర్డ్ మాస్టారు వస్తుంటారు. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా పాత ప్రశ్నలే. అందుకే రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే వెళ్లండి.

## మొదట్లో అడిగేవి

"ప్రపంచ సమాచార వ్యవస్థ" అంటే ఏంటండీ? పేరు వింటేనే పరీక్ష పేపర్‌లా ఉంది.

ఒకసారి గుంటూరు మిర్చి యార్డుకి రండి. తేజ రకం బస్తాలు దింపుకున్న రైతు పొద్దున్నే అడిగేది ఒకటే: "చైనా వాళ్లు కొంటున్నారంటనా?" ఆ కబురు ఎక్కడో పుట్టి, ఎగుమతిదారు ఫోనుకి వచ్చి, కమీషన్ వ్యాపారి చెవిన పడి, ఆఖరికి రైతుకి చేరుతుంది. ముందు ఎవరికి తెలిసింది, ఆఖరికి ఎవరికి తెలిసింది, మధ్యలో ఎవరు ఎంత దాచుకున్నారు? ఈ లెక్కనే వార్తా సంస్థలు, ఉపగ్రహాలు, సముద్రం అడుగు కేబుళ్లు, వాట్సాప్ దాకా లాగి చూస్తే మన సబ్జెక్టు వస్తుంది. కేరళ తీరంలో 1997 తర్వాత సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు చేపలు పట్టేవాళ్లు పడవలోంచే ఏ రేవులో ఎంత ధర ఉందో కనుక్కోవడం మొదలుపెట్టారు. రేవుకీ రేవుకీ మధ్య ధరల తేడా బాగా తగ్గిపోయింది.

ఇందులోకి మానవ హక్కులు ఎక్కడి నుంచి వచ్చాయి?

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. సరిగ్గా తొమ్మిది రోజులకి, డిసెంబరు 10న, పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. తేదీలు గుర్తుంటాయని చెబుతున్నాను, అంతే.

ఆ ప్రకటనలో 19వ అధికరణం చూడండి. అభిప్రాయం చెప్పే హక్కుతో అది ఆగలేదు. సమాచారాన్ని వెతుక్కునే హక్కు, అందుకునే హక్కు, పదిమందికీ అందించే హక్కు ఉన్నాయంటుంది. అదీ ఏ మాధ్యమంలోనైనా, దేశాల సరిహద్దులతో నిమిత్తం లేకుండా. మనవాళ్లు "చెప్పే హక్కు" దాకా చదివి పుస్తకం మూసేస్తారు. 1969లో జాన్ దార్సీ అనే ఫ్రెంచి ప్రసార నిపుణుడు ఇంకో అడుగు ముందుకేశారు. సమాచారం అందుకోవడం ఒక్కటే చాలదు, మనిషికి సంభాషించే హక్కు కూడా ఉండాలన్నారు. ప్రకటన అంటే చట్టం కాదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికతో అది దేశాల మీద బాధ్యతగా మారింది. మనం 1979లో అందులో చేరాం.

పత్రికా స్వేచ్ఛ రాజ్యాంగంలో ఎక్కడుంది సార్? ఎంత వెతికినా ఆ మాట దొరకలేదు.

దొరకదు. 19(1)(ఎ)లో ఉన్నది పౌరుడి భావ ప్రకటన స్వేచ్ఛ. పత్రికల కోసం విడిగా రాయాలని కొందరు సభ్యులు పట్టుబడితే, పత్రిక అంటే పౌరుడికి మరో రూపమే, దానికి విడిగా హక్కులేమీ అక్కర్లేదని అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చెప్పారు. అదీ 1948 డిసెంబరులోనే. అంటే పేపర్ యజమానికి ఉన్న హక్కూ, ఆ పేపర్‌తో చుట్టిన పకోడీలు తినేవాడి హక్కూ ఒక్కటే. నాకు ఈ వాదన చాలా ఇష్టం. యజమానులకి అంత ఇష్టం ఉండదు.

"మూడో ప్రపంచం" అని రాయాలా, "అభివృద్ధి చెందుతున్న దేశాలు" అని రాయాలా?

రెండోది రాయండి. మొదటిది 1952లో ఆల్ఫ్రెడ్ సోవీ అనే ఫ్రెంచి మేధావి వాడిన మాట. పాత పుస్తకాల్లో కనిపిస్తే కంగారుపడకండి.

## చరిత్ర చదవడం మొదలుపెట్టాక

అటు అమెరికా, ఇటు రష్యా ఏ కూటమిలోనూ చేరని అలీన దేశాలు 1970ల్లో వార్తల గురించి ఎందుకు గొడవపెట్టాయి? మనకి పీటీఐ అనే సొంత వార్తా సంస్థ ఉంది కదా?

అప్పట్లో ప్రపంచ వార్తల్లో పెద్ద భాగం నాలుగు సంస్థల చేతుల్లో ఉండేది: ఏపీ, యూపీఐ, రాయిటర్స్, ఏఎఫ్‌పీ. ఇక్కడ ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, యూపీఐ అంటే ఫోన్‌పే కాదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు నవ్వుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. మొదటి రెండూ అమెరికావి, మూడోది లండన్‌ది, నాలుగోది పారిస్‌ది. మన పీటీఐ కూడా 1949లో పని మొదలుపెట్టింది రాయిటర్స్‌తో ఒప్పందం మీదే.

నేను డెస్కులో చేరిన కొత్తలో టెలిప్రింటర్ మీద ఆఫ్రికా నుంచి వచ్చే వార్తల కాపీ అంటే కరువు, సైనిక తిరుగుబాటు, విమాన ప్రమాదం. ఘనాలో బడి ఎలా ఉంటుందో, నైజీరియాలో పెళ్లి ఎలా చేస్తారో మాకు తెలిసేది కాదు. అక్కడి వాళ్లకి మన గురించీ అంతే. ఇద్దరం ఒకరినొకరం లండన్ కళ్లద్దాల్లోంచి చూసుకునేవాళ్లం. అలీన దేశాల కోపం దీని మీదే.

మెక్‌బ్రైడ్ నివేదిక గురించి ఒక్క పేరాలో చెప్పండి, ఎగ్జామ్‌కి.

1977లో యునెస్కో వేసిన సంఘం. అధ్యక్షుడు షాన్ మెక్‌బ్రైడ్, ఐర్లండ్ మాజీ విదేశాంగ మంత్రి, 1974 నోబెల్ శాంతి బహుమతి గ్రహీత. ఆయనతో కలిపి పదహారుగురు. మన దేశం నుంచి బి.జి. వర్గీస్, కొలంబియా నుంచి గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్. నివేదిక 1980లో వచ్చింది. వార్తలు ధనిక దేశాల నుంచి పేద దేశాలకి ఒకే వైపు ప్రవహిస్తున్నాయని, మీడియా కొద్దిమంది చేతుల్లో పోగుపడుతోందని చెప్పింది. అదే గొంతుతో సెన్సార్‌షిప్ పోవాలని కూడా అంది. ఆన్సర్ షీట్లలో ఈ ఆఖరి వాక్యం ఎవరూ రాయరు. మీరు రాయండి.

అంత మంచి వాదన ఎందుకు ఓడిపోయింది? అమెరికా కుట్రేనా?

కుట్ర అనే ముందు 1976 జులై గుర్తు చేసుకోండి. అలీన దేశాల వార్తా సంస్థల ఉమ్మడి పూల్ కోసం ఢిల్లీలో మంత్రుల స్థాయి సభ జరిగింది. ప్రారంభించింది ఇందిరాగాంధీ. పాశ్చాత్య సంస్థల పెత్తనం మీద ఉపన్యాసాలు సాగాయి. అదే సమయంలో దేశంలో ఎమర్జెన్సీ, పేపర్ల మీద సెన్సార్. పీటీఐ, యూఎన్ఐ, హిందుస్థాన్ సమాచార్, సమాచార్ భారతి నాలుగింటినీ కలిపేసి "సమాచార్" అని ఒకే సంస్థ చేసేశారు. నాలుగు విదేశీ సంస్థల గుత్తాధిపత్యం తప్పని సభ పెట్టినవాళ్లు ఇంట్లో ఒక్కటే సంస్థ మిగిల్చారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అలా. 1978లో మళ్లీ విడదీశారు.

ఇలాంటి ఉదాహరణలు పాశ్చాత్య దేశాలకి బాగా పనికొచ్చాయి. "వీళ్లు అడిగే సమతూకం అంటే ప్రభుత్వ సెన్సారే" అని ప్రచారం చేసుకున్నారు. అందులో వాళ్ల పెద్ద కంపెనీల వ్యాపారం లేదని కాదు, బోలెడంత ఉంది. 1984 చివర అమెరికా, 1985 చివర బ్రిటన్ యునెస్కో నుంచి బయటికి వెళ్లాయి. డబ్బు ఆగింది, మాట కూడా ఆగింది. బ్రిటన్ 1997లో, అమెరికా 2003లో తిరిగొచ్చేసరికి ఆ చర్చే మారిపోయింది.

నా అభిప్రాయం అడిగితే, ఫిర్యాదు నూటికి నూరుపాళ్లూ నిజం. దాన్ని పట్టుకెళ్లిన ప్రభుత్వాల్లో చాలావాటికి సొంత ఊళ్లో విలేకరులంటే గిట్టదు. 2005లో సమాచార సమాజం మీద ప్రపంచ శిఖరాగ్ర సభ ట్యునీసియాలో పెట్టారు. అప్పుడు అక్కడ పాలిస్తున్నది బెన్ అలీ, పత్రికల గొంతు నొక్కడంలో పేరుమోసినవాడు. ముప్ఫై ఏళ్లయినా కథ మారలేదు.

పేపర్లు స్వేచ్ఛగా ఉంటే కరువు చావులు ఉండవంటారు. నిజమా?

అమర్త్యసేన్ వాదన అది: ఎన్నికలు, స్వేచ్ఛగా రాసే పత్రికలు ఉన్న దేశంలో పెద్ద కరువు రాదు, ఎందుకంటే ప్రభుత్వం తెలియనట్టు నటించలేదు. 1943 బెంగాల్ కరువు ఎదురు ఉదాహరణ. లక్షల్లో చనిపోతున్నా ప్రభుత్వం నోరు మెదపలేదు. ఆగస్టులో కలకత్తా స్టేట్స్‌మన్ సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ రోడ్ల మీద పడి ఉన్నవాళ్ల ఫొటోలు అచ్చువేశాకే దాచిపెట్టడం కష్టమైంది. రోజూ అర్ధాకలితో బతికేవాళ్ల సంగతి వార్త కాదు కాబట్టి దాన్ని ఈ స్వేచ్ఛ ఒక్కటే తీర్చలేదని కూడా సేన్ గారే చెప్పారు.

దీనికి తోడు నేను ఎప్పుడూ చెప్పేది భోపాల్. 1984 డిసెంబరు 2 రాత్రి గ్యాస్ లీకయ్యాక ప్రపంచ మీడియా అంతా అక్కడ వాలింది. 1982లోనే రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక జర్నలిస్టు "రపట్" అనే తన చిన్న హిందీ వారపత్రికలో ఈ ఫ్యాక్టరీ ఊరిని ముంచుతుందని వరసగా రాశారు. స్వేచ్ఛ ఉంది, రాశారు, అచ్చయింది. పెద్ద పేపర్లూ పట్టించుకోలేదు, ప్రభుత్వమూ పట్టించుకోలేదు.

రేడియో, ఫేస్‌బుక్ వల్ల ఊచకోతలు జరిగాయా?

జరిగాయి. 1994లో రువాండాలో ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో టుట్సీ తెగవాళ్లను బొద్దింకలని పిలిచి, చంపమని రెచ్చగొట్టింది. సుమారు 8 లక్షల మంది చనిపోయారు. ఆ మీడియా పెద్దలకి 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ శిక్షలు వేసింది. మయన్మార్‌లో రోహింగ్యాల మీద ద్వేషం పెంచడంలో ఫేస్‌బుక్ పాత్ర ఉందని 2018లో ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం చెప్పింది. మేం చేయాల్సినంత చేయలేదని కంపెనీ కూడా ఒప్పుకుంది. బర్మీస్ భాష చదివి ఆపగలిగే మనుషులు వాళ్ల దగ్గర చాలినంతమంది లేరు. ఈ సంగతి తెలుగువాళ్లు కూడా ఆలోచించుకోవాల్సిందే.

## మన జిల్లాల దగ్గరికి వచ్చేసరికి

రాయిటర్స్ గొడవ మాకెందుకు సార్? మాది వట్టిచెరుకూరు మండలం.

ఈ ప్రశ్న అడిగిన కుర్రాడు ఒక పేపర్‌కి స్ట్రింగర్, అంటే జీతం లేని మండల విలేకరి. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తాను.

లండన్‌కీ ఘనాకీ మధ్య ఉన్న సంబంధమే హెడ్డాఫీసుకీ మండలానికీ మధ్య ఉంది. వార్త పుట్టేది మీ దగ్గర, అది వార్త అవునో కాదో తేల్చేది ఎక్కడో కూర్చున్న డెస్కు. చాలా చోట్ల మండల విలేకరికి జీతం ఉండదు. గౌరవ వేతనం పేరుతో కాస్త, లేకపోతే అచ్చయిన వార్తని కొలిచి కాస్త. యాడ్ తెస్తే కమీషన్. ఆగస్టు 15, సంక్రాంతి, నాయకుడి పుట్టినరోజు వస్తే టార్గెట్. రైస్ మిల్లు యజమాని దగ్గర పొద్దున యాడ్ తీసుకున్నవాడు మధ్యాహ్నం ఆ మిల్లు కాలుష్యం గురించి ఎలా రాస్తాడు?

నా తప్పు కూడా చెప్పుకుంటాను. ఒకసారి ఒక ఎస్సీ కాలనీలో తాగునీళ్లు పసుపు రంగులో వస్తున్నాయని స్ట్రింగర్ మంచి కాపీ పంపాడు. జిల్లా పేజీ కట్టేశాక రాత్రి పదింటికి ఒక యాడ్ వచ్చింది. ఏదో ఒకటి తీసేయాలి. నేనే తీసేశాను, మర్నాడు వేద్దాంలే అని. మర్నాడు మర్చిపోయాను. నాలుగు రోజుల తర్వాత అదే కాలనీలో విరేచనాలతో పిల్లలు ఆసుపత్రిలో చేరితే మొదటి పేజీలో వేశాం. ఆ స్ట్రింగర్ నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

డబ్బు పుచ్చుకుని అభ్యర్థుల పొగడ్తలని వార్తలుగా అచ్చేయడం 2009 ఎన్నికల్లో ఎంత పెరిగిందంటే, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేయాల్సి వచ్చింది: పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి. 71 పేజీల వాళ్ల నివేదికలో పేర్లు ఉన్నాయి. కౌన్సిల్ దాన్ని పక్కన పెట్టి పొట్టి వెర్షన్ విడుదల చేసింది. సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో పూర్తి నివేదిక బయటికొచ్చింది.

న్యూస్‌రూముల్లో దళితులు ఎంతమంది?

1996లో ఢిల్లీలో ఒక అమెరికన్ విలేకరి బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ జర్నలిస్టుని ఒక దళిత జర్నలిస్టు పేరు చెప్పమని అడిగాడు. ఉనియాల్ గారికి ఒక్క పేరూ తట్టలేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విలేకరుల అక్రెడిటేషన్ జాబితా అంతా వెతికినా దొరకలేదు. ముప్ఫై ఏళ్ల వృత్తిలో తనకి ఆ ప్రశ్నే రాలేదని పయనీర్ పేపర్‌లో నిజాయితీగా రాసుకున్నారు. బయటి దేశం మనిషి అడిగితే తప్ప మనకి కనపడని సంగతులు కొన్ని ఉంటాయి. తర్వాత కొంత మారింది. ఎడిటర్ గదుల దాకా ఎంత మారిందో మీరు పనిచేసే ఆఫీసులోకి ఒకసారి చూడండి.

రాజద్రోహం కేసులు బ్రిటిష్ వాళ్లతోనే పోయాయి కదా?

1908లో ఇదే బెజవాడలో "స్వరాజ్య" పత్రిక నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని తిరునల్వేలి కాల్పుల మీద రాసిన వ్యాసానికి రాజద్రోహం కింద జైల్లో పెట్టారు. ఆ సెక్షన్, 124ఎ, స్వాతంత్ర్యం వచ్చాక కూడా డెబ్భై ఏళ్లకి పైగా బతికింది. 2022 మేలో సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టించింది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పేరు లేదు, కానీ 152వ సెక్షన్ చదివి చూడండి. పేరు మార్చుకుని వచ్చిందనే విమర్శ ఊరికే రాలేదు.

ఒకే యజమానికి పేపరూ, టీవీ, కేబులూ ఉండొచ్చా?

ఉండొచ్చు. ఆపే సమగ్ర చట్టం లేదు. టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో ఒకసారి, 2014లో ఇంకోసారి హద్దులు పెట్టమని సిఫార్సు చేసింది. తెలుగు ఇళ్లలో ఒక వార్త అర్థం కావాలంటే రెండు పేపర్లు వేయించుకోవాలనే జోకు అందుకే పుట్టింది. ప్రభుత్వం మారినప్పుడల్లా కేబుల్‌లో కొన్ని ఛానళ్లు మాయమై, ఇంకొన్ని ప్రత్యక్షమవడం కూడా మనకి అలవాటైపోయింది. పార్టీ ఏదైనా ఇది జరిగింది. మనవాళ్ల ఛానల్ పోతే స్వేచ్ఛ, ఎదుటివాళ్లది పోతే సాంకేతిక లోపం.

మా ఊళ్లో సొంత రేడియో పెట్టుకోవచ్చా?

స్వచ్ఛంద సంస్థ పేరు మీద పెట్టుకోవచ్చు, 2006 నుంచి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంగం రేడియో 2008లో మొదలైంది. విత్తనాలు, పండగలు, పాటలు, వాళ్ల యాసలోనే. ఒక చిక్కుంది. కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వినిపించాలి. ఊరి చెరువు గురించి పాట పాడొచ్చు, ఆ చెరువు ఎవరు ఆక్రమించారో వార్తగా చెప్పకూడదు!

వాట్సాప్ వచ్చాక పెద్ద సంస్థల బలం తగ్గినట్టే కదా?

చేతులు మారింది. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు వచ్చాయని వాయిస్ మెసేజ్‌లు తిరిగాయి. తెలుగు జిల్లాల్లో కూడా అమాయకుల్ని కొట్టి చంపారు. మా వీధి గ్రూపులో కూడా పార్థీ గ్యాంగ్ అంటూ ఒక ఆడియో వచ్చింది. చదువుకున్నవాళ్లే ఫార్వర్డ్ చేశారు. ఆ జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లని ఐదు చాట్‌లకి పరిమితం చేసింది. చూడండి, మన వీధిలో మాట ఎంత దూరం వెళ్లాలో కాలిఫోర్నియాలో తేల్చారు. కాకపోతే మనం గెలిచిన సందర్భం కూడా ఉంది. ఫేస్‌బుక్ కొన్ని సైట్లే ఉచితంగా ఇస్తానని ఫ్రీ బేసిక్స్ తెస్తే జనం లక్షల్లో మెయిళ్లు పెట్టారు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి వివక్ష టారిఫ్‌లు కుదరవంది.

## పని మీద వచ్చినవాళ్లు అడిగేవి

పేపర్లో మా గురించి తప్పు రాశారు. ఎవరికి చెప్పాలి?

ముందు ఎడిటర్‌కి రాతపూర్వకంగా, కటింగ్ జత చేసి. నకలు ఉంచుకోండి. జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి. దినపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల్లోపు. మందలిస్తుంది, అభిశంసిస్తుంది, జరిమానా వేయలేదు. కోరల్లేని పామని ఎగతాళి చేస్తారు గానీ, ఆ ఉత్తర్వు చేతిలో ఉంటే కోర్టులో పనికొస్తుంది. టీవీ ఛానళ్లు దాని పరిధిలో లేవు. టీవీ అయితే ముందు ఛానల్ ఫిర్యాదుల అధికారికి రాయాలి.

గొడవలప్పుడు ఇంటర్నెట్ ఆపేస్తున్నారు. అది చట్టబద్ధమేనా?

పద్ధతి ప్రకారమైతే అవును. 2022 మేలో కోనసీమ జిల్లా పేరు గొడవప్పుడు అమలాపురం వైపు మనమూ చూశాం. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో పోయిన 4జీ 2021 ఫిబ్రవరిలో గానీ రాలేదు. అనురాధా భాసిన్ కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది ఇది: గడువు లేకుండా ఆపకూడదు, అవసరానికి మించి ఆపకూడదు, ఉత్తర్వులు బయటపెట్టాలి. కాబట్టి నెట్ పోయినప్పుడు మొదట అడగాల్సింది ఉత్తర్వు కాపీ.

ఆర్టీఐకి ఎంత కట్టాలి? ఏం అడగాలి?

మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకి దిగువన ఉన్నవాళ్లకి అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లో. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, జవాబు రాదు. ఫైలు నకలు, బిల్లు నకలు, రిజిస్టర్ పేజీ అడగండి. జర్నలిజం పిల్లలకి నేనిచ్చే మొదటి పని, సమాచార శాఖ ఏ పేపర్‌కి ఎంత విలువైన ప్రకటనలు ఇచ్చిందో అడగడం. ఎవరి సంపాదకీయం ఎందుకు మెత్తబడిందో సగం అక్కడే తెలుస్తుంది.

క్లాసుకి ఎవరైనా రావచ్చా? ఫీజు ఉందా?

రావచ్చు. ఫీజు లేదు. పొద్దున పదింటికి మొదలుపెడతాం, ఆ రోజు మీ ఇంటికొచ్చిన పేపర్ తెచ్చుకోండి. కుర్చీలు పన్నెండే ఉన్నాయి, ఆలస్యమైతే చాప. ఎండాకాలం కరెంటు పోతే పక్కన టీ కొట్టు దగ్గరికి మారతాం, అక్కడా లేకపోతే ఫోన్ చేసి కనుక్కోండి.